బిడ్డలను తాకట్టు పెట్టిన కాలము

(ధ్యానమునకు చదువవలసిన భాగము: నెహెమ్యా 5వ అధ్యాయము, 1 నుండి 14 వచనములు)



యెరూషలేము గోడ సగము లేచియున్న దినములలో ఒక గొప్ప మొర వినబడెను. అది శత్రువుల కేక కాదు. గోడ కట్టుచున్నవారి ఇండ్లలోనుండియే, వారి భార్యల నోటనే ఆ మొర పుట్టెను. కరవు వచ్చియుండెను. కొందరి ఇండ్లలో బిడ్డలు అనేకులు, గాదెలో గింజలు లేవు. కొందరు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టి ధాన్యము తెచ్చుకొనిరి. కొందరు రాజునకు పన్ను కట్టుటకే అప్పుచేసిరి. తుదకు కన్న బిడ్డలనే అప్పులవారికి అప్పగింపవలసిన గతి పట్టెను. మేమును వారును ఒకే రక్తము గదా, మా బిడ్డలును వారి బిడ్డలవంటివారే గదా అని వారు ఏడ్చిరి.

గోడ కట్టుటను గూర్చిన ప్రసంగములు మనము అనేకము వినియున్నాము. ఈ ఏడ్పును గూర్చిన ప్రసంగములు తక్కువ. ఏలయనగా గోడ కథ మనలను ఉత్సాహపరచును. ఈ అధ్యాయము మన లెక్కల పుస్తకము అడుగును.

మన ప్రాంతపు సంఘములలో ఒకదానియందు జరిగిన సంగతి చెప్పుదుము. ఊరి పేరుతో పని లేదు. ఆదివారపు బడికి తప్పక వచ్చుచుండిన పండ్రెండేండ్ల బాలుడొకడు మూడు నెలలు కనబడలేదు. విచారింపగా, విశాఖపట్టణములో ఒక టిఫిను బండి వద్ద పళ్లెములు కడుగుచున్నాడని తెలిసినది. తండ్రి తాపీ కూలి. పరంజి మీదనుండి పడి కాలు విరిగినది. భయముతో దగ్గరలో దొరికిన ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అక్కడ ఆరోగ్యశ్రీ కార్డు చెల్లలేదు. నలుబది వేలు అప్పు చేసిరి. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ. అనగా నెలకు రెండు వేలు వడ్డీకే పోవును, అసలు అట్లే యుండును. ఆ వడ్డీ తీర్చుటకు పిల్లవాడు పోయెను.

మనము ఏమి చేసితిమి? ప్రార్థనకూటము పెట్టితిమి. క్రిస్మసుకు అర బస్తా బియ్యమును, తల్లికి ఒక చీరయు ఇచ్చితిమి. సంతోషముతోనే ఇచ్చితిమి. కాని ఆ అప్పు ఎవరిదని అడుగలేదు. తరువాత తెలిసినదేమనగా, అప్పిచ్చిన పెద్దమనిషి మన సంఘములో మొదటి వరుస బల్లమీద కూర్చుండువాడే. ఆ యేటి కోతపండుగలో ఎక్కువ కానుక ఇచ్చినవాడనియు ఆయన కొరకు మనము స్తోత్రము చెల్లించియుంటిమి. ఆయన దొంగ కాడు, అబద్ధికుడు కాడు. ఊరిలో అందరు తీసికొను వడ్డీయే తీసికొనెను. భయంకరమైన సంగతి అదే. ఎవరును ప్రత్యేకముగా పాపము చేయకుండగనే ఒక బిడ్డ తాకట్టు పోయెను.

నెహెమ్యా కాలపు వడ్డీ నూరవ భాగమని వాక్యము చెప్పుచున్నది. నెలకు నూటికి ఒకటి అని పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. ఆ ఒకటికే నెహెమ్యాకు కోపము వచ్చెను. మనకు అయిదుకును కోపము రాలేదు.

కావున మనము నిదానముగా ఆలోచింపవలసిన ప్రశ్న ఇది: బీదవాని బిడ్డ ఆకలికి జవాబుదారి ఎవరు? మన పల్లెలలో దీనికి మూడు జవాబులు వినుచున్నాము.

మొదటిది, తండ్రియే జవాబుదారి అనుట. త్రాగుబోతుకు, సోమరికి పుట్టిన బిడ్డ అట్లే యుండునందురు. పని చేయనొల్లనివాడు తినకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినమాట నిజమే. కాని ఆయన వ్రాసినది చేయ సత్తువ యుండి చేయనొల్లని పెద్దవారిని గూర్చి. కాలు విరిగినవానిని గూర్చి కాదు, మూడేండ్ల బిడ్డను గూర్చి అసలే కాదు. తండ్రి దోషము కుమారుడు మోయనక్కరలేదని యెహెజ్కేలు 18వ అధ్యాయమంతయు బోధించుచున్నది. తండ్రి నిజముగా త్రాగుబోతే అయినయెడల ఆ బిడ్డకు సహాయము మరి యెక్కువ కావలెను గాని తక్కువ కాదు.

రెండవది, ఇది సంఘము పని, ప్రభుత్వముతో మనకేమి అనుట. వినుటకు భక్తిగా నుండును. కాని లెక్క చూడుడి. అర బస్తా బియ్యము నలుగురున్న ఇంటికి రెండు వారములకు పైన రాదు. నలుబది గడపల సంఘము, అందులో ముప్పది గడపలు కూలి చేసికొని బ్రదుకునవే, ఏటికి ఎన్ని ఇండ్లను మోయగలదు? అపొస్తలుల కాలములోనే అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు మరువబడిరి. ప్రేమ యున్నంతమాత్రమున అన్నము అందరికి అందదు, ఏర్పాటు కావలెను. అందుకే అపొస్తలులు ఏడుగురిని నియమించి ఒక క్రమము పెట్టిరి.

మూడవది, అంతయు ప్రభుత్వమే చూచుకొనును, మనము ఓటు వేసి వరుసలో నిలుచుంటే చాలును అనుట. దీనిని తరువాత చూతము.

నెహెమ్యా ఈ మూడింటిలో దేనియందును ఆగలేదు. ఆయన దైవభక్తుడు, అదే సమయమందు అధికారిగా నియమింపబడినవాడు. మన మాటలలో చెప్పవలెనంటే ప్రభుత్వము. ఆయన మొర వినెను. కోపించెను. కోపములో మాటలాడక తనలో తాను ఆలోచించుకొనెను. తరువాత పెద్దలను గద్దించి, చాటుగా కాక సమాజమును కూర్చెను. నేనును నా బంధువులును కూడ అప్పిచ్చుచున్నామని అందరియెదుట ఒప్పుకొనెను. వడ్డీ మానుడని చెప్పి ఊరుకొనలేదు. పొలములు, తోటలు, ఇండ్లు ఆ దినముననే తిరిగి ఇప్పించెను. యాజకులను పిలిపించి ప్రమాణము చేయించెను. తనకు రావలసిన అధికారి భోజనపు సొమ్ము పండ్రెండేండ్లు తాను తీసికొనలేదు. ప్రభుత్వము బీదరికమును ఎట్లు తగ్గింపగలదని ఎవరైన అడిగినయెడల, వినుట, విచారించుట, చట్టము చేయుట, పోయినది తిరిగి ఇప్పించుట, అమలు జరిగించుట, పాలకుడు తన చేయి అదుపులో నుంచుకొనుట అని ఈ అధ్యాయమే జవాబు చెప్పును.

ఇప్పుడు మన విశాఖపట్టణమును చూతము. ఆ బాలుడు పోయిన పట్టణమది. 1933లో అక్కడ ఓడరేవు తెరువబడెను. 1948లో అక్కడి నౌకాశాలలో కట్టిన జల ఉష అను ఓడ నీటిలోనికి దిగెను. ఉక్కు కర్మాగారము మా హక్కు అని తెలుగు ప్రజలు 1966లో ఉద్యమించిరి. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన పట్టణములో కాల్పులు జరిగి పలువురు చనిపోయిరి. 1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారమును ప్రకటించిరి, 1971 జనవరిలో శంకుస్థాపన చేసిరి. 1992లో ప్రధాని పి. వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి, మన ఊళ్లనుండి వేలమంది అక్కడ కూలికి, కొలువుకు పోయి బిడ్డలను చదివించుకొనిరి. ఇందుకు మనము దేవునికి వందనములు చెల్లింపవలెను.

అయితే ఆ కొలిమి రగులుకొన్న నేల ఖాళీ నేల కాదు. 64 గ్రామములవారు తమ పొలములు, తోటలు, సమాధులు విడిచిపోయిరి. వారికి ఆర్ కార్డు అను పునరావాసపు కార్డు ఇచ్చిరి. ఇంటికొక ఉద్యోగమని ఆశించిరి. అనేకులకు వచ్చెను, అనేకులకు రాలేదు. కార్డు పట్టుకొని తిరిగిన తండ్రులు ముసలివారైరి. నెహెమ్యా అప్పులవారిచేత పొలములు తిరిగి ఇప్పించెను. ఇక్కడ దేశము కొరకు పొలమిచ్చినవానికి మారుగా ఏమి దొరకినదని అడుగుట మన ధర్మము.

ఇంకొక సంగతి. ఈ కర్మాగారమును పూర్తిగా అమ్మివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021 జనవరిలో సూత్రప్రాయముగా నిర్ణయించెను. కార్మికులు ఎదిరించిరి. 2025 జనవరిలో దానిని నిలబెట్టుటకు 11,440 కోట్ల రూపాయలు మంజూరు చేసిరి. అంత సొమ్ము ఇచ్చినందున కర్మాగారము సోమరిదగునని మన ఊరిలో ఎవరును అనలేదు. నష్టములో నున్నదానికి ఊపిరి పోయవలెనని అందరు ఒప్పుకొనిరి. మరి కాలు విరిగిన కూలివాని ఇంటికి నెలకు కొన్ని వేలిచ్చినయెడల మాత్రము సోమరులగుదురని ఎందుకందుము? ఇనుమునకు చూపిన ఓర్పు బిడ్డకు చూపలేమా?

పట్టణము ఐశ్వర్యవంతమైనంతమాత్రమున చుట్టునున్న పల్లె తనంతట తాను కడుపు నింపుకొనదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన ఎత్తు ఎదుగలేదు; నూటికి 63 మందికి రక్తము తక్కువ. ఓడరేవులో ధాన్యము ఓడలకెక్కుచున్న రాష్ట్రములో ఈ లెక్క వచ్చెను. పాడేరు కొండలలోనైనను, రేవు ప్రక్క వాడలలోనైనను, తల్లి గర్భములో నున్నప్పుడే ఆకలి మొదలైన బిడ్డ బడికి వచ్చుసరికే వెనుకబడియుండును.

అయితే నిరాశపడనక్కరలేదు. నీతి ఆయోగు లెక్కలో అన్నము, చదువు, ఆరోగ్యము, నీరు, ఇల్లు మొదలగునవి కలిపి చూచినప్పుడు, ఆంధ్రప్రదేశములో బీదలు 2015–16లో నూటికి సుమారు 12 మంది, 2019–21లో 6 మంది. అనగా బీదరికము తలవ్రాత కాదు. మనుష్యులు చేసిన పనివలన తగ్గినది. ఏ పనులవలన తగ్గునో చూచుట మంచిది.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీ పథకము దేశములో ప్రారంభమాయెను. 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చెను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నము పెట్టవలెనని రాష్ట్రములకు ఆజ్ఞాపించెను. 2003లో మన రాష్ట్రములో అది మొదలాయెను. మన గోదావరి సీమలో అడిగినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో దానికి పెట్టిరి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధిహామీ పని, వేసవిలో వలస పోకుండ ఊరిలోనే కూలి దొరకునట్లు చేసెను. 2020లో అమ్మఒడి అనియు, 2025లో తల్లికి వందనము అనియు పిల్లలను బడికి పంపు తల్లుల ఖాతాలలో సొమ్ము పడెను. ఆ సొమ్ము తండ్రి చేతికి కాక తల్లి చేతికి ఇచ్చుటలో ఎంత జ్ఞానమున్నదో మన స్త్రీల సమాజమువారు చెప్పగలరు.

జాలరివారి సంగతి చూడుడి. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటేట ఏప్రిలు 15 నుండి 61 దినములు మరపడవల వేట నిషేధింతురు. సముద్రము అందరి మేలు కొరకు మూసినప్పుడు ఆ ఇంటి పస్తు ఒక్క జాలరియే ఏల భరింపవలెను? కావున ప్రభుత్వము ఆ కాలమునకు భృతి ఇచ్చుచున్నది. 2019లో పది వేలుగానుండి 2025లో ఇరువది వేలాయెను. ఇది బిచ్చము కాదు, న్యాయము. అందరి కొరకు ఒకడు నష్టపోయినప్పుడు అందరు కలిసి పంచుకొనుట.

అప్పుల విషయములోను ఒక పాఠమున్నది. 2010లో చిన్న అప్పుల కంపెనీల ఒత్తిడికి అనేక కుటుంబములు కుంగిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అక్టోబరులో అత్యవసర చట్టము చేసి ఆ వసూళ్లను అదుపు చేసెను. నెహెమ్యా గద్దింపువంటిదే అది. కాని వసూలు ఆగినంతమాత్రమున జబ్బు ఆగదు, విత్తనపు ఖర్చు ఆగదు. వేరు దారి దొరకని వారు మరల ఊరి వడ్డీవారి గుమ్మము తొక్కిరి. అప్పులవానిని ఆపుటయు, అన్నమునకు దారి చూపుటయు రెండును కలిసి జరుగవలెను. డ్వాక్రా సంఘముల పొదుపు, బ్యాంకు అప్పు, సున్నా వడ్డీ అనునవి ఆ రెండవ పని కొరకు ఏర్పడినవే.

ఇక మూడవ జవాబునకు వత్తము. అంతయు ప్రభుత్వమే చూచునని కూర్చుండరాదు. ఏలయనగా ప్రభుత్వపు చేయి కూడ సంకెల కాగలదు. ఆదికాండము 47వ అధ్యాయములో యోసేపు ధాన్యమిచ్చి ఐగుప్తును బ్రదికించెను. కాని ఆ ధాన్యమునకు బదులుగా జనులు పశువులను, తరువాత పొలములను, తుదకు తమ్మునుతామే ఫరోకు అప్పగించిరి. ప్రాణము దక్కినది, స్వాతంత్ర్యము పోయెను. ఫలాని నాయకుడు పెట్టినాడు కనుక వానికే లోబడవలెనను మాట మన ఊళ్లలో వినునప్పుడు ఈ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. బడిలో బిడ్డ తిను అన్నము ఏ నాయకుని ఇంటనుండియు రాలేదు. సబ్బు కొన్న విధవరాలు కూడ పన్ను కట్టినది; ఆమె సొమ్ము అందులో ఉన్నది. అధికారి మేలు చేయుటకు దేవుని పరిచారకుడని రోమా 13వ అధ్యాయము చెప్పును. పరిచారకుని మనము గౌరవింతుము, మ్రొక్కము. పని చేయనప్పుడు మర్యాదగా అడుగుదుము.

బీదలు ఎల్లప్పుడు మీతో ఉందురని ప్రభువే చెప్పెను గదా, ఇక ఈ శ్రమ ఎందుకని కొందరందురు. ప్రభువు ఆ మాటను ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయమునుండి జ్ఞాపకము చేసెను. అక్కడ ఆ వచనము అంతటితో ఆగదు; కాబట్టి నీ చేయి చాపి తీరవలెనని ఆజ్ఞాపించుచున్నది. ఆజ్ఞలో సగము చదివి నిద్రపోవుట తగదు. పొలము అంచులు కోయక విడువుమని ధర్మశాస్త్రము చెప్పినప్పుడు, అది బోయజు దయకు విడువబడలేదు. రూతుకు హక్కుగా నుండెను. రూతు తలవంచుకొని బిచ్చమెత్తలేదు, తలయెత్తి పరిగె ఏరుకొనెను. ఉక్కు మా హక్కని ఎరిగిన జనులము, బిడ్డ అన్నము కూడ హక్కని ఎరుగమా?

ఆ బాలుని సంగతి ఏమాయెనని మీరడుగుదురు. ఆ పెద్దమనిషితో మన సంఘకాపరియు ఇద్దరు పెద్దలును ఈ అధ్యాయము ముందు పెట్టుకొని కూర్చుండిరి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, అసలు మెల్లగా ఇచ్చినయెడల చాలును, వడ్డీ వద్దు అనెను. మన యౌవనస్థుడొకడు తండ్రిని సదరం శిబిరమునకు తీసికొనిపోయెను. ధ్రువపత్రము వచ్చిన తరువాత వికలాంగుల పింఛను, నెలకు ఆరు వేలు, మొదలాయెను. తరువాతి జూనులో బాలుడు బడిలో చేరెను. ఒక ఏడు పోయెను. అది తిరిగి రాదు. పింఛను ఇల్లు నిలబెట్టెను. మన అర బస్తా ఆ పని చేయలేకపోయెను. కాని ఆ పింఛను ఉన్నదని చెప్పుటకును, చేయిపట్టి తీసికొనిపోవుటకును ఒక మనిషి కావలసివచ్చెను. అక్కడ సంఘము పని యున్నది.

కాబట్టి ఈ నెల ప్రతి సంఘము ఈ కొద్ది పనులు చేయవలెనని కోరుచున్నాము. ఆదివారపు బడి హాజరుపట్టీ చూచి, రాని బిడ్డ ఇంటికి పోయి కారణము అడుగుడి. పుట్టిన పత్రము, రేషను కార్డు, సదరం పత్రము లేనివారిని గ్రామ సచివాలయమునకు తీసికొనిపోవుడి. బడి తల్లిదండ్రుల కమిటీలో కూర్చుండి అన్నము రుచి చూడుడి. పనిలో చిక్కుకొన్న బిడ్డ కనబడినయెడల 1098కు ఫోను చేయుడి. మన ఇండ్లలో, మన పొలములలో చదువవలసిన ఈడు బిడ్డను పనికి పెట్టకుందుము. తుదకు, వడ్డీకిచ్చువారము మనలో ఎవరమైన ఉన్నయెడల, సంస్కారపు బల్ల యొద్దకు వచ్చుటకు ముందు ఆ కాగితము ఒకసారి తీసి చూచుకొందము.

నెహెమ్యా తన వస్త్రపు ఒడి దులిపి, ఈ మాట నిలువనివానిని దేవుడు ఇట్లే దులిపివేయునని చెప్పినప్పుడు, సమాజమంతయు ఆమేన్ అనెను. వాక్యము అక్కడ ఒక చిన్న మాట కలిపినది: జనులు ఆ చొప్పున చేసిరి. ఆమేన్ అనుట మనకు అలవాటు. ఆ చొప్పున చేయుట మిగిలియున్నది.

ప్రార్థన: బిడ్డలను నీ యొద్దకు రానిమ్మని పిలిచిన ప్రభువా, నీ యొద్దకు వచ్చు త్రోవలో మేము అడ్డుపెట్టిన బరువులను తీసివేయుటకు మాకు సిగ్గును, ధైర్యమును దయచేయుము. మా పాలకులకు వినెడి చెవి నిమ్ము. మా చేతులు చాచియుండునట్లు చేయుము. ఆమేన్.